గేదెల రేవున దిగిన రాజుగారు

ఏటికి ఈవలి గట్టున కోటా, ఆవలి గట్టున చదువూ ఉన్న ఒకానొక రాజ్యంలో గజకేసరివర్మ అనే రాజుగారు ఉండేవారు. ఆయనకు బిరుదులు పదహారు. అన్నిటిలోకీ ఆయనకు మహా ఇష్టమైనది 'ఏకలక్ష్య ధురంధరుడు' అన్నది.

"మేము ఉయ్యాలలో ఉండగానే రాజు కావాలని నిశ్చయించుకున్నాం. పక్క చూపు చూడలేదు. అయ్యాం!" అని వారానికొకసారైనా కొలువులో సెలవిచ్చేవారు. సభ చప్పట్లు కొట్టేది. తండ్రిగారు రాజనీ, ఆయనకు వేరే సంతానం లేదనీ ఆ సమయంలో ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆవలి గట్టున ఉన్న విద్యాపీఠంలో ఒక ఆనవాయితీ ఉండేది. పన్నెండేళ్ల చదువు ముగియబోయే ఏడాది, ప్రతి విద్యార్థీ ఇకముందు తానేమి కాదలుచుకున్నాడో ఒక తాటాకు మీద రాసి గురువుగారికి ఇచ్చేవాడు. గురువుగారు దాన్ని చదివి, నవ్వుకుని, అటక మీద పెట్టించేవారు. ఆ తరవాత దాన్ని చెదపురుగులు తప్ప ఎవరూ ముట్టుకునేవారు కారు.

ఒకనాడు రాజుగారికి ఆ సంగతి తెలిసింది. వెంటనే రాయసం చెన్నప్పను పిలిచారు. చెన్నప్ప కొలువులో ఉత్తరాలూ ఉత్తర్వులూ రాసే ఉద్యోగి. రాజుగారు నోటికొచ్చింది చెబితే, అందులోంచి అర్థమయ్యేది రాయడం అతని పని. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాడు.

"రాయి. ఆకు మీద రాసిన గమ్యం రాతి మీద రాసినట్టే. గమ్యం మీంచి చూపు తిప్పినవాడూ, దారి మళ్లినవాడూ రాజద్రోహి. విద్యార్థి అయితే పట్టా లేదు. చదివిన పన్నెండేళ్లూ చదవనట్టే."

"ఇది విద్యార్థులకేనా ప్రభూ, అందరికీనా?"

"అందరికీ! మా రాజ్యంలో వంకర నడక ఎవరికీ తగదు."

చెన్నప్ప 'అందరికీ' అని కూడా రాశాడు.

శ్రావణం వచ్చింది. పట్టాల పండుగ నాలుగు రోజుల్లో ఉందనగా మాదన అనే విద్యార్థి చెన్నప్ప ఇంటికి వచ్చాడు. వాళ్ల నాన్న గానుగ ఆడిస్తాడు. మాదన చైత్రంలో తన ఆకు మీద 'ఆస్థాన జ్యోతిషుడినవుతాను' అని రాసి ఇచ్చాడు. వేసవిలో పక్క ఊళ్లకు విషజ్వరం తగిలితే, వైద్యం చెప్పే గురువుగారు సాయానికని అతన్ని వెంట తీసుకుపోయారు. నలభై రోజులు కషాయాలు కాచి, జనానికి పట్టి, తిరిగొచ్చాక అతనికి పంచాంగం ముట్టుకోబుద్ధి కాలేదు. ఆకు మార్చుకుంటానన్నాడు. ఆ మాట కోటకు చేరింది. పట్టాల జాబితాలో అతని పేరును రాజుగారు స్వయంగా కొట్టేశారు.

"అయ్యగారూ, వైద్యం చేస్తానంటే పట్టా ఇవ్వరట. పట్టా లేనివాడు మందిస్తే ఎవరు పుచ్చుకుంటారు? పన్నెండేళ్లు మా అమ్మా నాన్నా గానుగెద్దుతో పాటు తిరిగి చదివించారండీ. ఏ మొహం పెట్టుకుని ఇంటికి పోను?" అంటూ మాదన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

చెన్నప్పకు జాలేసింది. జాలి కంటే ముందు సిగ్గేసింది. ఆ శాసనం అక్షరం అక్షరం తన చేతిరాతే మరి.

"ముందు ఆ మజ్జిగ తాగు," అన్నాడు. "రాజుగారు పట్టాలివ్వడానికి ఏరు దాటి రావాలి కదా?"

"రావాలండీ. దాటితే?"

"దాటనీ, చూద్దాం."

మర్నాడు చెన్నప్ప ఏటి ఒడ్డుకు పోయి పడవ పోలయ్యతో చాలాసేపు కబుర్లాడి వచ్చాడు. పోలయ్య ముప్ఫై ఏళ్లుగా ఆ ఏటి మీద పడవ నడుపుతున్నాడు.

పండుగనాటికి ఏరు నిండుగా ఉంది. మామూలుగా రాజుగారు పడవలో తెరలు దింపించుకుని, భోజనం బరువు మీద ఓ కునుకు తీసేవారు. లేచేసరికి రేవు వచ్చి ఉండేది. ఆ రోజు చెన్నప్ప చేతులు కట్టుకుని, "ప్రభూ, రెండు గట్ల మీదా జనం విరగబడి ఉన్నారు. తెరలు తీయిస్తే వాళ్లకు తమ దర్శనభాగ్యం కలుగుతుంది," అన్నాడు. రాజుగారికి ఆ మాట నచ్చింది. వెండి పీట వేయించుకుని పడవ ముందు భాగంలో కూర్చున్నారు.

పోలయ్య పడవ ముక్కును ఎగువకు తిప్పాడు.

"ఓరీ! ఎటు పోతున్నావురా?" రాజుగారు ఉలిక్కిపడ్డారు. "రేవు అదిగో, ఎదురుగా ఉంటేనూ!"

"కనబడతానే ఉంది దొరా. నీళ్ల జోరు మీద ఏరు తోసేసుద్ది. ఎగువకి పట్టకపోతే..."

"మాకే పాఠాలా? ఏమయ్యా చెన్నప్పా, వీడికి మా శాసనం తెలియదా?"

"తెలియదేమో ప్రభూ. చదవమంటారా?" అంటూ చెన్నప్ప గొంతు సవరించుకుని మొత్తం చదివాడు. 'అందరికీ' అన్నచోట కాస్త ఆగాడు కూడా.

"విన్నావుగా! ముక్కు రేవుకేసే ఉండాలి. చూపు తిప్పావో, తల తీయిస్తాం!"

పోలయ్య చెన్నప్ప వంక చూశాడు.

"దొరవారు చెప్పినట్టే కానియ్యి పోలయ్యా," అన్నాడు చెన్నప్ప, మబ్బులు చూస్తూ.

పోలయ్య ముక్కు తిప్పాడు. రేవులో మామిడి తోరణాలూ, సన్నాయి మేళమూ, పూలదండలతో విద్యార్థులూ ఎదురుగా కనబడ్డారు. రాజుగారు తృప్తిగా మీసం దువ్వుకున్నారు. కాసేపటికి చూస్తే రేవు ఎదురుగానే ఉంది, కాకపోతే చిన్నదవుతోంది. ఇంకాసేపటికీ ఎదురుగానే ఉంది, సన్నాయి మాత్రం వినబడడం లేదు. పోలయ్య కళ్లు రేవు మీంచి కదల్లేదు. పడవ వెళ్లి వెళ్లి దిగువన గేదెల్ని కడిగే రేవులో, బురదలో దిగబడింది. గేదెలు తలలెత్తి చూసి మళ్లీ పడుకున్నాయి.

రాజుగారు దిగారు. మోకాలి దాకా దిగారు. ఒక చెప్పు బురదలోనే ఉండిపోయింది, ఆ కాలి కింద తుమ్మముల్లు కసుక్కున దిగింది.

"రాయి!" అని గావుకేక పెట్టారు. "ఈ పోలయ్యకు చెరసాల!"

చెన్నప్ప బురదలో నిలబడే ఆకూ గంటమూ తీశాడు. "చిత్తం. నేరం ఏమని రాయమంటారు ప్రభూ?"

"గమ్యం మీంచి చూపు తిప్పాడని రాయి!"

"తిప్పలేదు ప్రభూ. రెప్ప కూడా వెయ్యలేదు. తమరే దగ్గరుండి చూశారు."

"అయితే రాజాజ్ఞ మీరాడని రాయి!"

"మీరి ఉంటే ఈపాటికి సన్నాయి వింటూ ఉండేవాళ్లం."

"రేవు చేర్చలేదని రాయి! అదైనా నిజమేగా?"

"నూటికి నూరుపాళ్లు నిజం ప్రభూ. నేరం దొరికింది. కారణం అన్నచోట శాసనం అని రాయనా, తమ పేరు రాయనా?"

భటులకు ఒక్కసారిగా దగ్గులొచ్చాయి. రాజుగారు వాళ్ల వంక గుర్రుగా చూశారు. పోలయ్య వైపు తిరిగి, "రోజూ ఎలా చేరుస్తావురా?" అన్నారు, కొంచెం తగ్గిన గొంతుతో.

"రేవు మనసులో పెట్టుకుంటాను దొరా. ముక్కు మాత్రం ఆ రోజు నీళ్లని బట్టి తిప్పుకుంటాను. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు."

ఇంతలో విద్యార్థులు గట్టు వెంబడి పరుగెత్తుకొచ్చారు. ముందు వచ్చినవాడు రాజుగారి కాలు చూసి, అడక్కుండానే ఒడిలో పెట్టుకున్నాడు. ముల్లు తీసి, ఏదో ఆకు నలిపి కట్టు కట్టాడు. రాజుగారు 'అబ్బా' అనేలోపే అంతా అయిపోయింది.

"హస్తవాసి మంచిదోయ్! ఎవరు నువ్వు?"

"తమరు పేరు కొట్టేసిన మాదననండీ."

రాజుగారు మాదనను చూశారు. పోలయ్యను చూశారు. గంటం పట్టుకుని వినయంగా నిలబడ్డ చెన్నప్పను చూశారు. ఆయన తెలివితక్కువవారేం కాదు, ఎవరూ చెప్పక అలా ఉండిపోయారు, అంతే.

"చెరసాల మాట కొట్టెయ్యి. వీడి పేరు రాయి," అన్నారు.

ఆ పూట మొట్టమొదటి పట్టా మాదనదే. వైద్యుడని రాసి, రాజుగారి ముద్ర వేసి ఇచ్చారు. గానుగ దగ్గర్నుంచి తిన్నగా వచ్చేసిన వాళ్ల నాన్న జనంలో నిలబడి భోరున ఏడ్చేశాడు.

అంతా అయ్యాక రాజుగారు, "ఏం చెన్నప్పా, నువ్వూ ఇక్కడే చదివావటగా! నీ ఆకు మీద ఏమని రాశావు?" అన్నారు.

చెన్నప్ప మాట మార్చబోయాడు. ముసలి గురువుగారు మాత్రం అప్పటికే అటక మీంచి దింపించి, దుమ్ము దులిపి చదివేశారు: "ఏ పనైనా చేసుకు బతుకుతాను గానీ, రాజుగారి గడప మాత్రం తొక్కను."

అందరూ రాజుగారి వంక చూశారు.

"తొక్కి ఎన్నాళ్లయిందయ్యా?"

"ఇరవై ఏళ్లు ప్రభూ. శాసనం ప్రకారం రోజుకో రాజద్రోహం."

రాజుగారు కట్టు కట్టిన కాలు పట్టుకుని మరీ నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి చెన్నప్ప మెడలో వేశారు. పోలయ్యకు కొత్త పడవ ఇప్పిస్తామన్నారు. చెన్నప్ప ఆకుతో పాటు శాసనాన్ని కూడా అటక మీద పెట్టించమన్నారు.

తిరుగు ప్రయాణంలో రాజుగారు తెరలు తీసే ఉంచమన్నారు. పోలయ్య పడవ ముక్కును ఎగువకు తిప్పాడు. ఎటు పోతున్నావని ఎవరూ అడగలేదు.