తన పాట మీద తానే

కరువులో గంజిశాల తెరిచిననాడు చెన్నప్ప చేతిలో ఉన్నది పన్నెండు వరహాలు. అవి అయిపోయాయని విని, పేరుమోసిన వైణికుడు శేషశర్మ తన వీణను వేలానికి ఇచ్చేశాడు.

"ఒక వరహా!" అన్నాడు దివాను మీసం దువ్వుతూ. ఆయనకు జడిసి ఇంకెవరూ పాట పెంచలేదు.

రేపటి గంజికి గింజ లేదు. అయినా చెన్నప్ప నవ్వుతూ శిల్పిని పిలిచాడు.

"మామా, ఆనవాయితీ ప్రకారం దాత పేరూ, ఇచ్చిన సొమ్మూ గుమ్మం ముందు రాతి మీద చెక్కు. 'దివానుగారు, ఒక వరహా'. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, ఎల్లుండి రాజుగారు వస్తున్నారు."

శిల్పి ఉలి ఎత్తాడు.

"ఆగరా! వంద!" అరిచాడు దివాను.

"తమ పాట మీద తమరేనా, దొరా?" అన్నాడు చెన్నప్ప.

"అయిదువందలు! ఇప్పుడు చెక్కమను!"

జనం గొల్లుమన్నారు. చెన్నప్ప హాయిగా ఊపిరి పీల్చుకుని, ధాన్యం సంతకు బండి కట్టమని కేకేశాడు.