గొడుగు ఇవతలి ఆట

యేసుపాదం మాస్టారిని సలహా అడిగినవాడికి సలహా దొరికిందని ఆ ఊళ్లో ఎవరూ చెప్పగా వినలేదు. ఏదో ఒక పని మాత్రం తప్పకుండా దొరికేది. బావమరిదితో కలిసి సిమెంటు కొట్టు పెట్టనా మాననా అని ఒకాయన వెళ్లి అడిగితే, మాస్టారు ఇంట్లోంచి పట్టెమంచం బయటికి తీయించి, బావా బావమరుదులిద్దరూ చెరో కొసా పట్టుకుని బజారు చివరిదాకా మోసుకెళ్లి తిరిగి తెచ్చి పెట్టమన్నారు. వాళ్లు వెనక్కి వచ్చేసరికి మంచం ఒకడి నెత్తిన ఉంది, రెండోవాడు సోడా తాగుతూ వెనకాల నడుస్తున్నాడు. కొట్టు మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా తలపండిన మనిషి గదా, మెడలో ఈల ఉండగా నోరు అరగదీసుకోవడం దండగని ఆయన నమ్మకం.

ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు ఆదిశేషు. ఆయన దగ్గరే బంతి కొట్టడం నేర్చుకుని, ఆయన చేతనే చీవాట్లు తిని, ఇప్పుడు ఊరి వాలీబాల్ జట్టును నడిపిస్తున్నాడు. నడిపిస్తున్నాడన్న మాటే గానీ, నడవడానికి జట్టు మిగిలితే గదా! పెద్ద ఆటగాళ్లలో ఒకడికి పోలీసు ఉద్యోగం, ఇంకొకడికి రైల్వే ఉద్యోగం వచ్చాయి. మూడోవాడికి మోకాలు పోయింది. మిగిలినవాళ్లు మీసాలు సరిగ్గా రాని కుర్రాళ్లు. కిందటేడు పోటీల్లో అందరికన్నా అడుగున తేలారు. ఆట జరిగే స్థలం రైసుమిల్లు కోటిరెడ్డిగారిది. ఆయన పెద్దమనిషే, కానీ ఓపిక తక్కువ. "ఈ ఏడు కూడా జట్టు పుంజుకున్న జాడ కనపడకపోతే, ఆ గుంజలు పీకేసి లారీలు ఆపుకుంటానబ్బాయ్, ఏమీ అనుకోవద్దు" అని మొహమాటం లేకుండా చెప్పేశాడు. అప్పట్నుంచీ ఆదిశేషుకు కంటికి కునుకు లేదు. ఆ కోర్టులో అతని చిన్నతనమంతా గడిచింది. అక్కడ లారీ నిలబడితే చూడగలడా?

కనుక ఆటగాళ్ల కోసం ఊళ్లు పట్టుకు తిరిగాడు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? తిరిగి తిరిగి రెండు బేరాలు పట్టుకొచ్చాడు. మొదటిది కొప్పర్తి ఫణీంద్ర. రాష్ట్రమంతా పేరున్నవాడు. అతను నెట్టు దగ్గర ఎగిరితే చూడ్డానికి జనం చెట్లెక్కుతారు. ఉన్న కంపెనీ జట్టుతో ఒప్పందం ముగిసి, ఈ ఏడాదికి ఎవరికీ కట్టుబడకుండా ఉన్నాడు. అయితే అతన్ని తెస్తే జట్టు దగ్గరున్న చందాలన్నీ అతనొక్కడికే సరి. రెండో బేరం ముగ్గురు మోస్తరు ఆటగాళ్లు. పేరు లేదు, పేచీ లేదు. ముగ్గురినీ కలిపినా ఫణీంద్ర అడిగినదాంట్లో సగం కాదు. ఆరోజు ఉదయం నలుగురూ ఊళ్లోనే ఉన్నారు. ఫణీంద్ర సాయంత్రంలోగా మాట చెప్పమన్నాడు. చెప్పకపోతే కాలవ అవతలి జట్టువాళ్లు కారు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నారు.

ఆదిశేషు మాస్టారి అరుగు మీద కూర్చుని ఇదంతా వెళ్లబోసుకున్నాడు. "ముందు నుయ్యి, వెనక గొయ్యి అయిందండీ మాస్టారూ. ఒక్క మొనగాణ్ణి తెచ్చుకోమంటారా, ముగ్గురు మామూలువాళ్లను తెచ్చుకోమంటారా?"

మాస్టారు వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ విన్నారు. "ఎవరొచ్చినా మనవాళ్లలో ఒకణ్ణయినా బయట కూర్చోబెట్టాలి గదరా. ఎవరిని?"

"బాజీని. పొద్దున్నే చెప్పేశాను, ఈ ఏడు బయటుండు అని."

"ఏమన్నాడు?"

"ఏమనలేదండీ. 'సరే అన్నా' అని వెళ్లి నెట్టు కట్టుకుంటున్నాడు."

బాజీ పొడుగాటి కుర్రాడు, ఎడమచేతి వాటం. కొడితే బంతి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. వాడు ఎదురుతిరిగి ఒక మాట అనివుంటే ఆదిశేషుకు ఇంత ఇబ్బందిగా ఉండేది కాదు. 'సరే అన్నా' అన్న ఆ మాటే పొద్దుట్నుంచీ గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటోంది.

మాస్టారు పొట్టు దులుపుకుని లేచారు. "నువ్వు అడుగుతున్నది జట్టు సంగతా, నీ సంగతా?" అన్నారు. మూలనున్న నల్లగొడుగు తీసుకుని, "పద. నలుగురినీ కోర్టు దగ్గరికి రమ్మను" అంటూ మెట్లు దిగారు.

పాలిటెక్నిక్ కుర్రాళ్లను ఎదుటి జట్టుగా నిలబెట్టారు. ఆ తర్వాత మాస్టారు చేసిన ఏర్పాటు చూసి ఆదిశేషుకు మతిపోయింది. కోర్టు పక్కన వెనక మూలలో ఒక చెక్కముక్క వేసి దానిమీద కూర్చోమన్నారు. తను పక్కన కుర్చీ వేసుకుని, గొడుగు విప్పి, నెట్టు వైపు అడ్డంగా పట్టుకున్నారు. ఇప్పుడు ఆదిశేషుకు నెట్టు కనపడదు, నెట్టు దగ్గర ఎగిరేవాళ్లు కనపడరు. కనపడేదల్లా వెనక వరసలో ఉన్న తన ముగ్గురు కుర్రాళ్లు.

"మూడు ఆటలు ఆడిస్తాను. ముందు వరసలో ఎవరున్నదీ నీకు చెప్పను. ఈ ముగ్గురూ మాత్రం చోటు మారకుండా ఇక్కడే ఉంటారు. ఎవరూ పేర్లు పెట్టి అరవకూడదు. నువ్వు వీళ్లను చూడు."

"కొట్టేవాణ్ణి చూడకుండా ఎట్లా తేల్చనండీ?"

"వీళ్లను చూడమన్నాను గదా. అందులోనూ మొహాలు కాదు, మొహాలు అబద్ధాలాడతాయి. కాళ్లు చూడు."

బేరానికొచ్చిన ఎద్దు పళ్లు చూడకుండా, పక్కింటి ఎద్దు డెక్కలు చూడమన్నట్టుంది అని ఆదిశేషు లోపల గొణుక్కున్నాడు. పైకి అనే ధైర్యం ఈ వయసులో కూడా లేదు. ఈల మోగింది.

మొదటి ఆట. గొడుగు అవతల కొబ్బరికాయ పగిలినట్టు ఒక చప్పుడు, ఆ వెంటనే పాలిటెక్నిక్ కుర్రాళ్ల ఉసూరుమనడం. మళ్లీ చప్పుడు, మళ్లీ ఉసూరు. ఇవతల మాత్రం, మొదట్లో మోకాళ్లు వంచి కాచుకుని నిలబడ్డ ముగ్గురూ మెల్లమెల్లగా నిటారుగా అయ్యారు. మడమలు నేలకు ఆనాయి. మధ్యలో ఉన్న గురవయ్య ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలి బొటనవేలితో పిక్క గోక్కోవడం మొదలుపెట్టాడు. ఒకసారి కొట్టిన బంతి అవతలివాళ్ల చేతులకు తగిలి వెనక్కొచ్చి సరిగ్గా ముగ్గురి మధ్యా పడింది. ఒక్క కాలూ కదల్లేదు. నువ్వు తీస్తావనుకున్నాను అన్నట్టు ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. అయినా ఆట గెలిచారు.

రెండో ఆటలో చప్పుళ్లు చిన్నవి. బంతి పోతోంది, వస్తోంది, మళ్లీ పోతోంది. ముగ్గురి కాళ్లూ కదిలాయి, బాగానే కదిలాయి. పని తెలిసిన కూలీలు గట్టు వేసినట్టు ఎవరి వంతు వాళ్లు తీసుకున్నారు, ఎవరి గీతలో వాళ్లున్నారు. తొందర లేదు, తప్పూ లేదు. ఆదిశేషుకు కాసేపటికి ఆవులింత వచ్చింది, మాస్టారు చూస్తారని నోట్లోనే మింగాడు. అది కూడా కష్టపడి గెలిచారు.

మూడో ఆటకు ముందు చాలాసేపు గొడుగు అవతల నిశ్శబ్దంగా ఉంది. ఎవరిని దింపుతున్నారో చూడాలని అతని మెడ దానంతటదే సాగింది. మాస్టారు గొడుగు కొంచెం కిందికి దించారు, అంతే.

మొదలైన క్షణం నుంచీ ఇవతల దుమ్మురేగింది. బంతి నెట్టుకు తగిలిన చప్పుడు, అవతల ఎవరో నవ్విన చప్పుడు. ఒకటి మరీ వంకరగా వచ్చి గొడుగుకే తగిలింది. ఈ ముగ్గురి కాళ్లకు మాత్రం క్షణం తీరిక లేదు. మడమలు నేలను తాకడం మానేశాయి. గీతలు ఎవరికీ గుర్తులేవు. ఇద్దరు ఢీకొని పడి, లేచి, మళ్లీ పరుగెత్తారు. ఇందాక పిక్క గోక్కున్న గురవయ్య నిలువునా నేలమీదికి దూకి, రెండు మోచేతులూ చెక్కుకుపోతున్నా లెక్కచేయకుండా బంతిని పైకి లేపాడు. ఆదిశేషు తనకు తెలియకుండానే చెక్కమీద నుంచి సగం లేచాడు. వీడు నా గురవయ్యేనా? అన్నం కంచం కూడా లేచి తెచ్చుకోని గురవయ్యేనా?

ఆ లేచిన బంతి గొడుగు అవతలికి పోయింది. ఒక్క చప్పుడు. మొదటి ఆటలో విన్నవాటన్నిటికన్నా పెద్దది. అవతల ఉసూరుమనడానికి కూడా ఎవరికీ ఊపిరి ఆడినట్టు లేదు. ఇవతల ముగ్గురి కాళ్లూ ఒకేసారి నేల వదిలేసి గాల్లోకి లేచాయి, ముగ్గురూ గొంతులు చించుకుని అరిచారు.

ఆ తర్వాత రెండు బంతులు నెట్టుకు తగిలి ఆట చేజారింది. మాస్టారు ఈల ఊదారు. "ఇప్పుడు చెప్పు. ఎవరెవరు?"

"రెండోది ఆ ముగ్గురూ అండీ, అనుమానం లేదు. మొదటిది, మూడోది ఫణీంద్రే. పొద్దున బస్సు దిగి ఒళ్లు బిగుసుకుని ఉన్నాడు గనక మొదట తేలిగ్గా ఆడాడు. మూడో ఆటలో కాసేపు తడబడినా, ఆ పెద్ద దెబ్బ చూడండి! అది ఇంకెవరికి సాధ్యం?" ఆదిశేషు మొహం వెలిగిపోతోంది. ఎంత ఖర్చయినా సరే అతన్నే తీసుకోవాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు.

మాస్టారు గొడుగు పక్కకు తీశారు.

ఫణీంద్ర కోర్టులో లేడు. కుళాయి దగ్గర మెట్టుమీద కూర్చుని, మొహం తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే చేతిలో పట్టుకుని చూస్తున్నాడు. మోస్తరు ఆటగాళ్లు ముగ్గురూ అతని పక్కనే టీ తాగుతున్నారు. నెట్టు దగ్గర, మరో ఇద్దరు కుర్రాళ్ల పక్కన, ఎడమ అరచేయి ఎర్రగా కందిపోయి, ఇప్పుడు తప్పు జరిగిందో ఒప్పు జరిగిందో తెలియక బిక్కమొహం వేసుకుని బాజీ నిలబడి ఉన్నాడు. గురవయ్య అప్పటికే వాడి వీపెక్కేశాడు.

ఆదిశేషుకు సిగ్గేసింది. సిగ్గుతోపాటు, దాచుకోవడమెందుకు, కోపమూ వచ్చింది. తన జట్టులో తనకు తెలియనిది ఒకటుందని పదిమందిలో తెలియడం ఎవరికి మాత్రం ఇష్టం? ఆ రెండిటి అడుగున చిన్న సంతోషం కూడా ఉంది. అది ఒప్పుకోవడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

ఫణీంద్ర లేచి వచ్చాడు. పెద్ద ఆటగాడే గానీ పొగరు లేని మనిషి. "ఎవరండీ మాస్టారూ ఆ ఎడమచేతి అబ్బాయి? బంతి ఎటు పోతుందో వాడికే తెలియడంలా. ఇంక కాచుకునేవాడికేం తెలుస్తది!" అని నవ్వి, తువ్వాలు భుజాన వేసుకుని బాజీ వైపు వెళ్లాడు. వాడి మోచేతిని పట్టుకుని ఏదో చూపించడం మొదలుపెట్టాడు.

ఆదిశేషు మాస్టారి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "మాస్టారూ, తప్పుగా అనుకోకండి. వాడిమీద నమ్మకం లేకే గదండీ వీళ్లు అట్లా పరుగెత్తింది! బంతి ఏ వంకర నుంచి వెనక్కొస్తుందోనన్న భయంతోటి."

"అవును."

"పైగా ఆ ఆట ఓడిపోయాం."

"ఓడిపోయారు. ఇంకా కొన్ని ఓడిపోతారు."

"మరి కోటిరెడ్డిగారికి ఏం చెప్పనండీ?"

"ఏం చెప్పమాకు. రేపు ఒకసారి ఇట్లా తీసుకురా. ఆ చెక్కమీద కూర్చోబెడదాం. గొడుగు నేను పట్టుకుంటా."

ఆదిశేషుకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. కోటిరెడ్డిగారు పంచె సర్దుకుని చెక్కమీద కూర్చుని కుర్రాళ్ల కాళ్లు చూడటం ఊహకందలేదు. అసలు ఇంతకీ తను అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చిందా రాలేదా అన్నది కూడా అతనికి తేలలేదు. ఒకటి మాత్రం చేశాడు. కోర్టులోకి నడిచి వెళ్లి, "రేయ్ బాజీ, పొద్దున నేనన్న మాట మర్చిపో" అన్నాడు. బాజీ ఈసారీ 'సరే అన్నా' అనే అన్నాడు, కానీ ఈసారి వాడి పళ్లన్నీ కనపడ్డాయి.

తిరిగి వచ్చేసరికి మాస్టారు గొడుగు ముడుచుకుని ఇంటిదారి పట్టబోతున్నారు. కాలవ అవతలివాళ్ల కారు కోర్టు బయట వచ్చి ఆగింది. అది చూడగానే ఆదిశేషు మాస్టారికి అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ఎంత గట్టిపడదామనుకున్నా, ఆఖరి భయం ఒకటి మిగిలే ఉంది.

"మాస్టారూ, మనం వద్దంటే ఫణీంద్ర ఈ సాయంత్రానికల్లా వాళ్ల జట్టులో ఉంటాడు. రేపు పోటీల్లో మన పిల్లలకు ఎదురుగా నెట్టు అవతల నిలబడేది అతనే!"

మాస్టారు ఆ కారు వైపు ఒకసారి, కోర్టులో బాజీ మోచేతిని ఇంకా సరిచేస్తున్న ఫణీంద్ర వైపు ఒకసారి చూశారు.

"నిలబడనీరా. అవతల కూడా మంచివాడు ఒకడు ఉండాలి గదా" అన్నారు.