సిలారు విప్పిన షాఫ్టు

ఏటిగడ్డ జమీందారు జగ్గరాయుడికి తన జీపంటే ప్రాణం. దాని సంగతులు మాత్రం బొత్తిగా తెలియవు. అది నాలుగు చక్రాలతోనూ లాగే బండి. ముందు యాక్సిల్ విరిగితే మెకానిక్కు సిలారు ఆరు రోజులు కూర్చుని యాక్సిల్‌నీ, దాని షాఫ్టుల్నీ బాగుచేశాడు.

దొరగారు వచ్చి పదిమంది ముందూ మండిపడ్డారు. "ఆరు రోజులా! బండిని లాగేవి వెనక చక్రాలురా. ముందువి ఉత్త అలంకారం. నాకే టోపీ పెడతావా? రేపటికల్లా నా స్థలంలోంచి నీ షెడ్డు ఎత్తెయ్!"

సిలారుకు ఒళ్లు మండింది. దొరగారిని జీపెక్కించి, కిందకి దూరి, వెనక చక్రాలను తిప్పే షాఫ్టును ఊడదీసి ఆయన తెల్ల పంచె మీద పెట్టాడు.

"వెనక చక్రాలకిక ఇంజనుతో సంబంధం లేదు దొరా. బండి కదలకపోతే షెడ్డు నేనే పీకేస్తా."

స్టీరింగు ముందు కూర్చుని, ముందు చక్రాలను ఇంజనుతో కలిపే చిన్న గేరు వేసి, ఎదురుగా ఉన్న మిట్ట మీదికి పోనిచ్చాడు. జీపు జంకులేకుండా ఎక్కసాగింది. గ్రీజు షాఫ్టును వాటేసుకుని దొరగారు నోరెళ్లబెట్టారు.

"ఒరే, దీన్ని ఏది లాగుతోందిరా?"

సిలారు హాయిగా స్టీరింగు తిప్పుతూ అన్నాడు: "తమరు చెప్పిన అలంకారమే దొరా. గట్టిగా పట్టుకోండి!"