తెరచాపల శాలలో ఉయ్యాలలు

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం వాకిటిదాకా వచ్చి పలకరించిపోయే ఊళ్ళో, ఒక రాజుగారున్నారు. ఆయనకి ఓడలున్నాయి. ఓడంటే ఊరికే పోతుందటర్రా? తెరచాప ఉండాలి. ఆ చాపలు కుట్టడానికి రాజుగారు పెద్ద శాల కట్టించారు. కుట్టేవాళ్ళంతా ఆడవాళ్ళే. వాళ్ళలో నూకాలని ఒకావిడ. ఆవిడ కుట్టు వేసిందంటే గాలిదేవుడు గింజుకున్నా ఊడేది కాదుట. ఊ కొడుతున్నారా? కొట్టండి, లేకపోతే ముందు నేనే నిద్రపోతాను.

నూకాలు మొగుడు అప్పన్న ఓడెక్కి మిరియాలు తేవడానికి పోయాడు. ఆయనటు పోగానే ఈవిడకి పురుడొచ్చింది. పండులాంటి ఆడపిల్ల! ఒంట్లో కాస్త ఓపిక రాగానే పిల్లని చంకనేసుకుని పనికెళ్ళింది. శాల పెద్ద బుచ్చిలింగం గుమ్మంలోనే ఆపేశాడు.

"పసిపిల్ల తల్లివి, నీకు సూది మీద ధ్యాసెక్కడుంటుందే? ఇంట్లో కూచో," అన్నాట్ట.

పిల్ల పడుకున్నంతసేపూ కుడతానని బతిమాలింది. వింటేనా! కొంగుతో కళ్ళు తుడుచుకుని వెనక్కొచ్చేసింది. చేతులు ఊరుకోవుగా పాపం, చిరిగిన దుప్పట్లన్నీ కుట్టేసింది, అవైపోతే ఇరుగమ్మ గోనెలూ కుట్టేసింది.

తరవాత పైడితల్లి పురిటికెళితే మళ్ళీ రానివ్వలేదు. గౌరమ్మ అత్తగారు మంచాన పడితే, నాలుగు రోజులాగి వస్తానన్నా వద్దన్నాడు. మిగిలినవాళ్ళు రేపు మన గతీ ఇంతేగా అనుకుని వాళ్ళంతట వాళ్ళే పోయారు. బుచ్చిలింగం దారినపోయేవాళ్ళ చేతికి సూదులిచ్చాడు. పని ఒంటబట్టేలోపు వాళ్ళూ పోయేవారు.

చెయ్యి పోతే కుట్టు పోయింది, కుట్టు పోతే చాప చిరిగింది, చాప చిరిగితే ఓడ ఆగింది, ఓడ ఆగితే మిరియాలాగాయి, మిరియాలాగితే రాజుగారి చారు చప్పబడింది! ఆయనకసలే పడిశం.

నవ్వకండర్రా. ఆ ఆగిన ఓడలోనే అప్పన్న ఉన్నాడు. పాత చాప అరిగిపోతే, వేరే ఓడ మీద పంపిన కొత్త చాప కట్టుకున్నారుట, అదే చిరిగింది. ఓడ ఒడ్డుకి కనపడుతూనే ఉంది, కానీ రేవులోకి రాలేకపోయింది. దాన్ని లాక్కొద్దామని పంపిన ఓడ చాప కూడా రేవు దాటకుండానే పర్రున చిరిగింది. నూకాలు పిల్లనెత్తుకుని ఇసకలో అలా నిలబడిపోయింది.

రాజుగారు బుచ్చిలింగాన్ని పిలిచి, బాగా కుట్టేవాళ్ళేరయ్యా అనడిగారు. పిల్లలు పుట్టారని ఇళ్ళకి పంపానన్నాడు వాడు. రాజుగారికి తుమ్మూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"మా అమ్మ నన్ను కన్నాకనే కదటయ్యా ఈ రాజ్యం ఏలిందీ!" అని అరిచి, తిన్నగా నూకాలింటికి నడిచారు. ఆవిడ కాళ్ళు చాపుకుని పిల్లకి నీళ్ళు పోస్తోంది. నీళ్ళోసుకునే పిల్ల రాజునెరుగుతుందా? గుక్క పట్టింది. ఆ ఏడుపు ఆగేదాకా రాజుగారు తువ్వాలు పట్టుకుని నిలబడ్డారు.

"కుడతాను బాబూ, అక్కడున్నది నా మొగుడే," అంది నూకాలు. "కానీ ఇది నా ఒక్కదాని వల్ల కాదు. అందర్నీ పిలవండి. ఇవాళ పిలిచి రేపు పొమ్మంటే మాత్రం ఎవరూ రారు."

పురిటికెళ్ళినదాని చోటు దానికే ఉంచాలంది. ఉయ్యాలలు శాలలోనే కట్టించాలంది. ఇంట్లో కష్టమొస్తే నాలుగు రోజులు ఓర్చుకోవాలంది. రాజుగారు సరే, సరే, సరే అన్నారు.

ఇంకేముంది! పైడితల్లొచ్చింది, గౌరమ్మొచ్చింది, అలిగి పోయినవాళ్ళంతా వచ్చారు. తలోవైపు కూచుని కుట్టేశారు. కొత్త చాప గాలికి పూరీలా పొంగింది. సాయం ఓడ వెళ్ళి ఆగిన ఓడకి మోకు కట్టి లాక్కొచ్చింది. అప్పన్న ఒడ్డు మీదకి దూకి, అప్పుడే మొదటిసారి కూతుర్ని చూసుకున్నాడు. అది ఆయన గడ్డం పట్టి లాగింది.

బుచ్చిలింగాన్ని తరిమెయ్యమన్నారు కొందరు. నూకాలే వద్దంది. ఉయ్యాలలూపే పనిలో పెట్టించింది. మొదట్లో వాడు జోల పాడితే నిద్రపోయే పిల్లలు కూడా లేచేవారుట! పోగా పోగా నేర్చుకున్నాడు. నూకాలు శాలకి పెద్దయింది, కొత్తవాళ్ళకి పని నేర్పింది. రెండో కాన్పుకెళ్ళినప్పుడు ఆవిడ పీట మీద ఇంకెవరూ కూచోలేదు.

పని నేర్చిన చెయ్యి పోగొట్టుకోవడం తేలికర్రా, మళ్ళీ తెచ్చుకోవడమే కష్టం. మనిషికి అవసరమొచ్చినప్పుడు చోటుంచితే, ఆ మనిషి మనకి కలకాలం ఉంటుంది.

కథేమో కంచికి బయల్దేరింది, మనమేమో దుప్పట్లోకి దూరాం. ఇక కళ్ళు మూయండి.