యువరాజుకి చేపముద్ద

అన్నప్రాశనైన మూడు నెలలకే యువరాజుకి బుగ్గలొచ్చాయి, కళ్లు మెరిశాయి. అంతా దాది పైడమ్మ చలవే. చేపకొవ్వు పసివాళ్ల బుర్రకి బలమని బెస్తవాడలో నేర్చిన మనిషి. ముళ్లు తీసిన చేపను మెత్తగా మెదిపి రోజూ బువ్వలో కలిపి పెట్టేది.

రాజవైద్యుడు భైరవాచార్యులు అది చూసి, గిన్నె లాక్కుని సభకి పరిగెత్తాడు.

"మహాప్రభో! చేప మాట్లాడగా ఎవరైనా విన్నారా? అది తిన్న బిడ్డకి మాట రాదు! ఈ దాదిని దేశం దాటించండి!"

రాజుగారు కంగారుగా లేచి నిలబడ్డారు. వెనకాలే బిడ్డనెత్తుకొచ్చిన పైడమ్మ మాత్రం బాబుని రాణిగారి దగ్గర దించి కొంగు దోపుకుంది.

"ఆచార్లుగారూ, అంతకుముందు బాబుకి తమరేం పట్టించారు?"

"శ్రేష్ఠమైన ఆవుపాలు!"

"అయ్యో, కొంప ముంచారు కదయ్యా! అటు చూడండి!"

యువరాజు సింహాసనం పక్కనుంచి నాలుగు కాళ్ల మీద చకచకా పాకుతూ వస్తున్నాడు!

రాజుగారు ఒక్క దూకు దూకి బిడ్డ నెత్తి తడిమారు, కొమ్ములు మొలిచాయేమోనని. రాణిగారు పకపకా నవ్వారు. సభంతా ఘొల్లుమంది.

యువరాజు ఆచార్యుల పంచె పట్టుకుని లేచి నిలబడ్డాడు. గిన్నెకేసి చూసి, "బువ్వ!" అన్నాడు. అదే వాడి మొదటి మాట.

"ఆచార్లుగారూ, చూస్తారేం? పెట్టండి!" అన్నారు రాజుగారు. "ముళ్లు చూసి మరీ!"