చెవులమ్మ తెచ్చిన చెక్క

"చెవులమ్మా, ఏదే ఆ దాల్చినచెక్క? ఇక్కడ కుండ పొంగిపోతోంది" అని ఎలుగుబంటి భల్లమ్మ గుహలోంచి కేకేసింది.

కుందేలు చెవులమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. చెక్క చేతిలోనే ఉంది. ఇవ్వడానికే చెయ్యి రావడం లేదు.

కొండమీద చలి దిగిందంటే ఆ అడవికి సాయంత్రాలన్నీ భల్లమ్మ గుహలోనే. తోటలో రాలిన ఆపిల్ పళ్ళు తరిగి, అల్లం దంచి వేసి, బెల్లం కరిగించి ఆమె కషాయం కాస్తే, తెల్లమబ్బు ఒకటి దారి తప్పి గుహలో దూరిందా అన్నట్టు ఆవిరి కమ్ముకునేది. ఈసారి మాత్రం అది ముచ్చటకి కాదు. ఆమె పిల్లాడు గుజ్జు దగ్గి దగ్గి సోలిపోయి మూల పడుకున్నాడు. వాడికోసమే దాల్చినచెక్క తెమ్మని చెవులమ్మని పంపింది.

ఆ చెట్టున్నది చిరుతపులి తిరిగే లోయలో. చెవులమ్మ సగం దారిలోనే వణికి కూలబడింది. అక్కడ ఎదురయ్యాడు నక్క గుంటన్న. నీకెందుకమ్మా అంత శ్రమ, నా దగ్గర బోలెడుంది, నీ వాటా ఆపిల్ పళ్ళు నాకిస్తే చాలని వినయాలు పోయాడు. పళ్ళిచ్చి చెక్క పుచ్చుకుంది. దారిలో వాసన చూస్తే ఏముంది, తడిమట్టి కంపు.

భల్లమ్మకూ జలుబు, ముక్కు దిబ్బడేసింది. చెవులమ్మ చేతిలోంచి చెక్క అందుకుని, వాసన తెలియక అలాగే కుండలో పడేసింది.

కషాయం నల్లబడసాగింది. చెవులమ్మకి మింగలేని, కక్కలేని బాధ. చెబితే పిరికిదని నలుగురూ నవ్వుతారు. చెప్పకపోతే, అది విషపు చెట్టుదైతే, గుజ్జు... ఆ పైన ఆలోచన సాగలేదు. అందరితోపాటు వచ్చిన గుంటన్నేమో మంటకి చేరువగా కూర్చుని ఆపిల్ తీపి ఎలా ఉంటుందో అందరికీ వర్ణిస్తున్నాడు. తనకి మాత్రం కడుపు నిండిపోయిందట, కషాయం వద్దట.

భల్లమ్మ చిప్ప నింపుకుని పిల్లాడివైపు కదిలింది.

"అత్తా, ఆగు. దినుసు తెచ్చినవాళ్ళకే కదా మన గుహలో తొలి చిప్ప?" అని చెవులమ్మ అడ్డొచ్చింది.

"అవునే పిల్లా. అయితే నువ్వే తాగు."

"నేను లోయకి వెళ్ళనే లేదత్తా. భయమేసి ఆగిపోయాను. ఈ చెక్క గుంటన్న మావది. తొలి చిప్ప ఆయనదే."

అందరి చూపూ నక్క మీద పడింది. గుంటన్న తేలు కుట్టిన దొంగలా కదిలి, ఇవాళ తనకి ఉపవాసమని గొణిగాడు.

"ఇందాక కడుపు నిండిందన్నావు, ఇంతలో ఉపవాసమా మావా?" అంటూ ముళ్ళపంది వెళ్ళి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

భల్లమ్మ చిప్ప తెచ్చి అతని మూతికి ఆనించింది. "తాగుతావా, పట్టించమంటావా?"

గుంటన్న తల వెనక్కి లాక్కున్నాడు.

"వద్దక్కా. అది దాల్చినచెక్క కాదు. వాగులో కొట్టుకొచ్చిన బెరడు. ఏ చెట్టుదో నాకూ తెలీదు."

భల్లమ్మ చిప్పలోదీ కుండలోదీ కషాయమంతా గుహ బయట పారబోసింది.

తాను తాగడానికి జంకేదాన్ని ఇంకొకరి నోటికి అందించకూడదు.