మీదే ఊరు?

నీలాద్రి మాస్టారికి వాదించే అలవాటు లేదు. ఎవరైనా ఏదైనా అడిగితే తాను చూసిందో తనకు జరిగిందో ఒకటి చెబుతారు. అది జవాబో కాదో తేల్చుకోవడం అడిగినవారి పని. ఉద్యోగ విరమణ చేసి తొమ్మిదేళ్ళయినా, ఆయన దగ్గర చదువుకుని ఇప్పుడు తామే పాఠాలు చెబుతున్నవాళ్ళు ఏదో ఒక సందేహం పట్టుకుని ఆయన ఇంటికి వస్తూనే ఉంటారు.

ఆ సాయంత్రం వకుళ వచ్చింది. జిల్లా విజ్ఞాన ఉన్నత పాఠశాలలో ప్రవేశాలకు వచ్చిన దరఖాస్తులు పరిశీలించే పని ఆ ఏడు ఆమెకు అప్పగించారు. అది ప్రభుత్వం నడిపే బడి. మంచి ప్రయోగశాలలున్నాయి, హాస్టలుంది, చదువుకు పైసా కట్టక్కర్లేదు. ఏడో తరగతి పిల్లలు పరీక్ష రాసి అందులో చేరాలి. సీట్లు నలభై. ముప్పైనాలుగు ఈ జిల్లా పిల్లలకు, ఆరు బయటి జిల్లాల వారికి.

"మాస్టారూ, ఈ రోజు నలభై ఒక్క దరఖాస్తులు స్థానికేతరుల కట్టలో వేశాను. ఒక్కటి కూడా నిబంధన తప్పి వేయలేదు. అయినా మనసొప్పక తిన్నగా మీ దగ్గరికి వచ్చాను. ఉన్నది ఉన్నట్టు చేసినా మనకి తప్పు అంటుకుంటుందా?" అని అడిగింది.

మాస్టారు చెప్పింది ఇది.

పదహారేళ్ళ కిందట ఆయన ఇదే జిల్లాలో సముద్రం దగ్గరి ఒక ఊళ్ళో ప్రాథమికోన్నత పాఠశాలకు హెడ్మాస్టరు. ఆ చుట్టుపక్కలన్నీ రొయ్యలు వొలిచే షెడ్లు. వాటిలో పనిచేసేవాళ్ళలో సగం మంది ఉత్తరాది జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో సూరమ్మ అనే ఆమె కూతురు ఈశ్వరి ఏడో తరగతి చదువుతుండేది. షెడ్డులో ఐసు దిమ్మ ఊక కప్పితే ఎంతసేపటికి కరుగుతుంది, గోనె కప్పితే ఎంతసేపటికి కరుగుతుంది అని నెల రోజులు చూసి, నోటుబుక్కులో గీతలు గీసి తెచ్చి చూపించిన పిల్ల. ఆ బడి నుంచి ఎవరైనా విజ్ఞాన పాఠశాలకు వెళ్ళగలరంటే అది ఈశ్వరేనని అందరికీ తెలుసు.

దరఖాస్తులు నింపే రోజున, రాయడం రాని తల్లిదండ్రులు వరండాలో వరసగా నిలబడ్డారు. మాస్టారే ఒక్కొక్కరినీ అడిగి రాస్తున్నారు. అంతకు ముందు ఏడు వేరే ఎక్కడో ఒక పంతులు తన ఊహతో గడులు నింపి తగాదా తెచ్చుకున్నాడు. అందుకని మాస్టారు ఒక నియమం పెట్టుకున్నారు. పెద్దవాళ్ళు ఏం చెబితే అదే, అక్షరం మార్చకుండా రాయడం. రాసింది రెండుసార్లు చదివి వినిపించడం.

సూరమ్మ షెడ్డు నుంచి తిన్నగా వచ్చింది. ఐసులో నాని నాని చేతులు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. 'ఊరు' అని ఉన్న ఆరో గడి దగ్గర మాస్టారు, "మీదే ఊరమ్మా?" అన్నారు.

"మాది నేరేడువలస బాబూ. ఏటి గట్టునే ఉంటాది" అంది. చెప్పేటప్పుడు ఆమె మొహం వెలిగింది.

పక్కన కూర్చున్న సంజీవి మాస్టారు, "వలస నుంచే వలస వచ్చారన్నమాట!" అన్నాడు. వరసలో అందరూ నవ్వారు. సూరమ్మ కూడా నవ్వి, "మరే బాబూ, పేరులోనే రాసిపెట్టి ఉంది!" అంది.

ఈశ్వరి తల్లి వెనకాల నిలబడి ఉంది. "అది కాదు సార్, మేము..." అని ఏదో అనబోయింది.

"అమ్మ చెబుతోంది కదా, నువ్వుండు" అన్నారు నీలాద్రి మాస్టారు.

అప్పటికి సూరమ్మ ఈ జిల్లాకు వచ్చి పదిహేడేళ్ళయింది. ఈశ్వరి పుట్టింది ఇక్కడి ప్రభుత్వాసుపత్రిలో. నేరేడువలసలో వాళ్ళ ఇంటి గోడలు కూడా లేవు. కానీ సొంత ఊరు వదిలి బతికేవాళ్ళని ఎవరినైనా, ఎన్నేళ్ళ తర్వాతైనా, మీదే ఊరని అడిగి చూడండి. ముందు నోటికి వచ్చేది వదిలి వచ్చిన ఊరే. ఆ గడిలోని ఊరు ఏ జిల్లాదో చూసే ఎవరు స్థానికులో తేలుస్తారని మాస్టారికి తెలియదు. సూరమ్మకు అసలే తెలియదు. మాస్టారు రెండుసార్లు చదివి వినిపించారు. ఆమె రెండుసార్లూ తలూపింది. అరిగిపోయిన వేలి మీద గీతలు సరిగా పడక మూడుసార్లు ముద్ర వేయించారు.

పరీక్ష రాసినవాళ్ళందరిలో ఈశ్వరికి పంతొమ్మిదో ర్యాంకు వచ్చింది. షెడ్డులో ఆడవాళ్ళు జిలేబీ పంచుకున్నారు. వారం తర్వాత ఎంపికైనవారి జాబితాలో ఆమె పేరు లేదు. స్థానికేతరుల జాబితాలో వెతికితే తొమ్మిదో పేరుగా కనిపించింది. అక్కడున్నవి ఆరు సీట్లు.

సూరమ్మ బడికి వచ్చింది. "పంతొమ్మిదో నెంబరంటే నలబైలోన ఉన్నట్టు కాదేటి బాబూ?" అని అడిగింది.

మాస్టారు దరఖాస్తు నకలు తీసి ఆరో గడి చూపించి, విషయం చెప్పారు. ఆమె చదవలేని ఆ గడి వైపు చాలాసేపు చూసింది. "మీదే ఊరని అడిగినారు, సెప్పినాను. ఎక్కడ ఉంటన్నారని మీరు అడగనేదు గదా, బాబూ" అంది. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే బాగుండేదని మాస్టారు ఇప్పటికీ అంటారు.

మర్నాడే ఆయన జిల్లా కార్యాలయానికి వెళ్ళారు. అక్కడి అధికారి మర్యాదస్థుడు. కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, అంతా విన్నాడు.

"ఇందులో అబద్ధం ఏదో చూపించండి మాస్టారూ, కొట్టేస్తాను. ఆవిడ చెప్పింది నిజమే. మీరు రాసిందీ నిజమే. సవరణలకు గడువిచ్చాం, అది దాటిపోయింది. మీ పిల్లని చేర్చుకోవాలంటే ముప్పైనాలుగో పేరు తీసెయ్యాలి. ఆ పిల్ల వాళ్ళమ్మ ఉప్పు మడుల్లో కూలి. తీసెయ్యమంటారా?"

మాస్టారు తీసెయ్యమనలేకపోయారు. వద్దని కూడా అనలేదు. నమస్కారం పెట్టి బస్సెక్కారు.

ఈశ్వరి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న హైస్కూలుకు కొన్నాళ్ళు వెళ్ళింది. దసరా సెలవుల తర్వాత వెళ్ళలేదు. షెడ్డులో తల్లి పక్కన పీట వేసుకుని కూర్చుంది. మాస్టారు రెండుసార్లు వాళ్ళ గుడిసెకు వెళ్ళి నచ్చజెప్పారు. "ఇక్కడ కూడా ఐసే కదా సార్" అని ఆ పిల్ల నవ్వింది. మూడోసారి ఆయన వెళ్ళలేదు.

మూడేళ్ళ తర్వాత సూరమ్మ చిన్నకూతురు ఏడో తరగతికి వచ్చింది. మళ్ళీ అదే వరండా, అదే వరస. ఆరో గడి ఇంకా అలాగే ఉంది. ఏం రాయాలో ఈసారి మాస్టారికి తెలుసు. అయినా తన నియమం ప్రకారం, ఆమె నోటితో చెప్పించుకోవాలని అడిగారు.

"మీదే ఊరమ్మా?"

సూరమ్మ చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుంది. "పిల్లకి సీటు రావాలంటే ఏ ఊరు రాయాలో అదే రాయండి బాబూ. మాదదే" అంది. ఆ రోజు వరసలో ఎవరూ నవ్వలేదు. మాస్టారు రాశారు. చిన్నపిల్లకు సీటు వచ్చింది.

ఇంతవరకూ చెప్పి ఆయన ఆగారు.

"ఆ నలభై ఒక్కమందిలో ఎవరినైనా పిలిచి మాట్లాడావా?" అని అడిగారు మాస్టారు.

"లేదు మాస్టారూ. కాగితాలే చూశాను. సవరణలకు ఎల్లుండి దాకా గడువుంది."

"అయితే ఎక్కడ ఉంటున్నారని వాళ్ళని అడగడానికి ఇంకా రెండు రోజులున్నాయి. సూరమ్మలా కాకుండా, వాళ్ళకింకా ఊళ్ళున్నాయన్నమాట" అన్నారాయన.